రెండు సీట్ల బండికి డ్రైవరెవరు?

యాభై రెండేళ్ల వయసులో స్పోర్ట్స్ కారు కొందామని పొద్దున్నే కర్నూలు నుంచి హైదరాబాదు పోయి, ఇప్పుడే ఇల్లు చేరాను. నడుము విరిగినంత పనైంది. కారు మాత్రం తేలలేదు.

షోరూములో ఒకే మోడల్ రెండు రకాలుగా ఉంది. ఒకదానికి గేర్లు మనమే మార్చుకోవాలి. రెండోది లోపల రెండు క్లచ్చులతో తనే మార్చుకుంటుంది, ఎడమ కాలికి పనే లేదు. నా మోకాలి నొప్పికి అదే మేలనిపించింది. అయినా ఇరవై ఏళ్లుగా మాకు డ్రైవరుగా ఉన్న మస్తాన్‌ను రెండూ నడిపి చూడమన్నాను.

"గేర్లదే తీసుకోన్నా. ఆ రెండు క్లచ్చులది చెడిపోతే మన ఊర్లో ఎవురు ముట్టుకుంటారు?" అన్నాడు.

"మరి నా మోకాలప్పా?"

"నీ మోకాలికేమైతాదన్నా? తోలేది నేను కదా!"

ఉన్నవి రెండే సీట్లు. వాటిలో నేనూ మా ఆవిడా కూర్చున్నట్టు ఎన్నేళ్లుగానో కలగంటున్నాను. "మీ వదినె యాడ కూచుంటాది?" అని అడిగాను.

"వదినెకు పాత కారు ఉండాది కదన్నా. దానికి ఇంకో డ్రైవర్ను పెడదాం."

తిరుగు దారిలో పాత కార్లో, ఎప్పటిలాగే అతని పక్క సీట్లో నిద్రపోతూ వచ్చాను. ఇంటికొచ్చి పర్సు తీస్తే నా లైసెన్సు కనిపించింది. దాని గడువు తీరి నాలుగేళ్లయింది.

గేర్లదా, ఆటోమేటికా, మీరే చెప్పండి. లైసెన్సు సంగతి మాత్రం మస్తాన్‌కు చెప్పకండి.