పాలమూరు పరుగులో పచ్చజెండా

వానలు వెనుకపట్టు పట్టగానే మా డ్రిల్లు మాస్టారికి కొత్త ఆలోచన పుట్టింది. హాకీ ఆడేవాడికి మైదానం చాలదట. గుట్టలూ చేలూ తొక్కుతూ ఉరికితే తప్ప ఊపిరి నిలవదట. పాలమూరులో జిల్లా కచేరీ వాళ్ళు దూరపు పరుగుపందెం పెడుతున్నారని విని కాలేజీ జట్టంతా పోవాలన్నారు. నన్నూ యూసుఫ్‌నూ మాత్రం పక్కకు పిలిచారు. బెంగుళూరు పోయే హాకీ జట్టులో ఒక్క జాగా మిగిలిందనీ, మా ఇద్దరిలో ఎవరు ముందొస్తే అది వాళ్ళదేననీ చెప్పారు. యూసుఫ్‌ది నల్లగొండ బజారు, మాది దాని పక్క పల్లె. చిన్నప్పుడు ఒకే కర్రతో వంతులేసుకుని ఆడినవాళ్ళం. బెంగుళూరుకు వంతులు కుదరవు.

శనివారం పొద్దున ఏడింటికి కాచిగూడలో బండెక్కాం. మూడో తరగతి పెట్టె, కాలు పెట్టే సందు లేదు. షాద్‌నగర్ దాటాక బాలానగరులో ఒకావిడ సీతాఫలాల గంపతో ఎక్కి మా పక్కన సర్దుకుంది. మా కాళ్ళకున్న బూట్లను కాసేపు పరీక్షగా చూసింది.

"ఏడికి బిడ్డా?"

"పాలమూరుకు. ఉరకనీకి పోతున్నం."

"ఉరకనీకి రైలెందుకు? పట్నంల జాగ లేదా?"

పెట్టె అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. హాకీ బాగా ఆడాలంటే ఉరకాలని చెప్పాను. మరి హాకీ ఎందుకంది. "పోనీ తియ్యి, తిన్నదన్న అరుగుతది" అని తనే తేల్చేసి చెరో పండు చేతిలో పెట్టింది. జడ్చర్ల దాకా గింజలు ఊస్తూనే ఉన్నాం.

ఎండ ముదిరే వేళకు పాలమూరులో దిగాం. స్టేషను దగ్గరి ముసాఫిర్‌ఖానాలో మంచాలు దొరుకుతాయి గాని, కుక్కిమంచాలు. పోయేవారు దుప్పటి వెంట తీసుకుపోవడం మేలు. నల్లులకు మన చదువులతో పనిలేదు. సాయంత్రం బజారులో జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. అంత పుల్లని కూర మా దిక్కున కూడా తినలేదు. పందెం దారి గురించి అంగడివాణ్ణి అడిగితే, కచేరీ జవాన్లు వెదురుకర్రలకు పచ్చగుడ్డలు కట్టి చేన్ల వెంట నాటుకుంటూ పోయారని చెప్పాడు. ప్రతి జెండా పక్కనుంచీ పోవాలి, అదే దారి.

ఆదివారం పొద్దు పొడుస్తుండగా ఈల ఊదారు. ఊరు దాటగానే ఎర్రనేల, దాని మీద ఎవరో పేర్చినట్టు పెద్దపెద్ద గుండ్లు. జొన్నచేల మంచెల మీద పిట్టలు తోలేవాళ్ళు చేతిలోని వడిసెలలు ఆపి మమ్మల్నే చూశారు. ఒక గుట్ట ఎక్కేసరికి మిగతావాళ్ళంతా వెనకబడ్డారు. నా వెనక యూసుఫ్ ఒక్కడి బూట్ల చప్పుడే వినిపిస్తోంది. గుట్ట దిగుతూ చూస్తే ఆముదపు చేను అవతల దిబ్బ మీద జెండా కనబడింది. ఉన్న బలమంతా పెట్టి అటు ఉరికాను. బెంగుళూరు నాదేననుకున్నాను.

దిబ్బ ఎక్కి చూస్తే జెండా చుట్టూ అలికి ముగ్గు పెట్టి ఉంది. ఊదు పొగ లేస్తోంది. గుడ్డను ఉతికి మళ్ళీ కట్టారు. నలుగురు ఆడవాళ్ళు, ఒక ముసలవ్వ కూర్చుని ఉన్నారు.

"బూట్లిడిసి రా బిడ్డా, పీరు జెండ" అంది అవ్వ.

"గిది పందెం జెండ అవ్వా. గీడ ఎవరు నాటిండ్రు?"

"నిన్న గా మురికిగుంట కాడ నిలవడి ఉండె. పీరు గట్ల పందులు తిరిగే జాగల ఉంటడా? పాపం తగుల్తదని మేమే కడిగి ఈడికి తెచ్చినం. జర మలీద తిని పో."

మా దిక్కునా అంతే. పచ్చగుడ్డ ఎక్కడ నిలబడితే అక్కడ దండం పెట్టకుండా పోరు. ఆ జాగాలో మా అమ్మ ఉన్నా అదే చేసేది. అవ్వ బెల్లం మలీద ముద్ద నా నోట్లో పెట్టింది. తల తిప్పి చూస్తే ఆ మురికిగుంట దిబ్బ కింద, కుడిచేతి వైపు దూరంగా ఉంది. యూసుఫ్ అప్పుడే గుట్ట దిగి దిబ్బ వైపు తిరుగుతున్నాడు. నేను మాట్లాడకుండా పరుగెత్తితే వాడు ఇక్కడిదాకా వచ్చి మోసపోతాడు. మలీద మింగి గట్టిగా అరిచాను.

"యూసుఫ్! జెండ జరిపిండ్రు! గుంట దిక్కు పో!"

వాడు ఒక్క క్షణం ఆగి దిబ్బ మీది అవ్వ వైపు, అక్కడి పొగ వైపు చూశాడు. తర్వాత గుంట వైపు మళ్ళాడు. గుంట వాడికే దగ్గర. ఆ తర్వాత ఎంత ఉరికినా నాకు వాడి వీపే కనబడింది. ఏడుపొచ్చింది, దాచుకోను.

నేను గమ్యం చేరేసరికి అక్కడ గొడవగా ఉంది. సైకిలు మీద మా వెనక వచ్చిన జవాను, గుంట దగ్గర జెండా లేదని వార్త తెచ్చాడట. అతడు వచ్చిన బండ్లబాట నుంచి చూస్తే ఆముదపు చేను అడ్డం, దిబ్బ కనబడదు. కచేరీ అధికారి ఒకాయన ఎగిరిపడుతున్నాడు.

"సర్కారు జెండ ముట్టినోడు ఎవడైతేంది, గుంజుకొచ్చి కచేరి ముంగట నిలవెట్టున్రి!"

మాస్టారు నా భుజం పట్టుకున్నారు. "ఎవరన్న జరిపింది చూస్తే చెప్పు. పందెం మల్ల పెట్టిస్త. నీకు ఇంకో మౌకా దొరుకుతది."

అవ్వ చేతి బెల్లం ఇంకా నాలుక మీదే ఉంది.

"చూడలేదు సార్. తొవ్వ తప్పిన."

మధ్యాహ్నం బండికి తిరుగుముఖం పట్టాం. పాలమూరు మంచి ఊరు. నేల గట్టిది, కూర పుల్లనిది, ఉరికేవాణ్ణి కూడా నిలబెట్టి తినిపించే మనుషులున్నారు. వెళ్ళదలచినవారికి వానలు వెనుకపట్టిన ఈ రోజులే మేలు. బెంగుళూరు జాగా యూసుఫ్‌దే అయింది. జడ్చర్ల దాటాక వాడు నా వైపు తిరిగాడు.

"జెండ సంగతి నన్ను గూడ అడిగిండ్రు, నీకంటె ముందే."

"ఏమన్నవ్?"

"చూడలేదన్న."

వాడు కిటికీ వైపు తిరిగాడు. అవ్వ కోసం అన్నాడా, బెంగుళూరు కోసం అన్నాడా? రెండు రోజులుగా కనబడ్డవాణ్ణల్లా ఏదో ఒకటి అడిగిన నేను, కాచిగూడ వచ్చేదాకా వాణ్ణి ఆ మాట అడగలేకపోయాను.