బాక్సింగ్ డే డబ్బా

నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది, అక్షరాల తప్పులూ ఉంటాయి, మన్నించండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి ఈ గ్రూపులో పెడుతోంది.

ఇవాళ అటక దులుపుతుంటే ఒక రేకు డబ్బా దొరికింది. మూత తీయగానే నెయ్యి, బెల్లం వాసన వచ్చినట్టే అనిపించింది.

1960ల చివర్లో అమ్మ శృంగవరపుకోటలో ఇంగ్లండు దొరసానమ్మ బంగళాలో వంట చేసేది. క్రిస్మస్ మర్నాడు దొరసానమ్మ ఈ డబ్బా నిండా బిస్కెట్లు పోసి అమ్మకిచ్చింది. వాళ్ల దేశంలో ఆ రోజు బాక్సింగ్ డే అట. పూర్వం చర్చిలో పేదల కోసం ఉంచిన పెట్టె ఆ రోజే తెరిచేవారట, పనివాళ్లకి పెట్టెల్లో కానుకలిచ్చేవారట.

బిస్కెట్లు అయిపోయాక అమ్మ డబ్బా తోమి అరిసెలు నింపింది.

"ఒరే, ఖాళీ డబ్బా ఎలాగిత్తామురా? నవ్విపోతారు" అని నాచేత మోయించింది.

దొరసానమ్మ కంగారుపడింది. "డబ్బా కూడా నీకే. తిరిగి ఇవ్వకూడదు."

"ఖాళీది ఇవ్వకూడదు గానీ, నిండుది ఇత్తే తప్పేటమ్మా?" అంది అమ్మ.

దొరసానమ్మ నవ్వి, కేకు పెట్టి పంపింది. మేం సున్నుండలు పంపాం. అలా మూడేళ్లు తిరిగింది.

డబ్బా మా ఇంట్లో ఉండగానే దొరసానమ్మ హఠాత్తుగా వాళ్ల దేశం వెళ్లిపోయింది. అమ్మకి పోయేదాకా అదే బెంగ. "వంతు మనదిరా. ఆవిడ డబ్బా మనకాడే ఉండిపోనాది."

ఇప్పుడే తోమి అరిసెలు నింపాను. మీ వీధుల్లోనూ ఇలా గిన్నెలు తిరిగేవి, గుర్తుందా? తొందరగా జవాబు రాయండి. ముందు రాసినవారికి డబ్బా పంపుతాను. తిరిగి పంపేటప్పుడు మాత్రం ఖాళీగా పంపకండి.