అడిగితే చెప్పే బొమ్మ

ఇంట్లో అందరూ ఆమెను తుక్కురాణి అనేవారు. రేడియోలు బాగుచేసే తండ్రి పారేసిన ముక్కలన్నీ తెచ్చి మంచం కింద దాచేది. అక్క విసుగెత్తి పెట్టిన పేరది. నలభై దాటినా ఆ పేరూ పోలేదు, ఆ బుద్ధీ పోలేదు. కాకపోతే ఇప్పుడా తుక్కును చూడ్డానికి జనం వరస కడుతున్నారు.

ఈసారి ఊళ్ళోని ప్రదర్శనశాల కోసం చేసింది ఎనిమిదడుగుల బొమ్మ. వాషింగ్ మెషిన్ డ్రమ్ము పొట్ట, మోటారుసైకిల్ హెల్మెట్ తల, కాళ్ళకు వ్యోమగామి బూట్లు, భుజాల మీద కార్టూన్ వీరుడి ఎర్రగుడ్డ. బాసింపట్టు వేసుకుని ధ్యానంలో ఉంటుంది. ముందున్న మైకులో ఏదడిగినా కళ్ళు తెరిచి జవాబు చెబుతుంది. సినిమాల్లోంచి, కామిక్కుల్లోంచి, ప్రవచనాల్లోంచి ఆమె ఏరి పెట్టిన వెయ్యి మాటల్లో మిషనుకు ఏది తోస్తే అది. రేపటి దేవుళ్ళు ఇలాగే ఉంటారేమోనని నలుగురినీ నవ్వించాలనుకుంది.

మొదటివారం నవ్వారు. "నా పెళ్ళెప్పుడు?" అని ఒకడడిగితే, "ఇంధనం అయిపోతోంది నాయకా" అంది బొమ్మ. హాలంతా గొల్లుమంది. వెనకగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్న ఆమె కూడా కడుపుబ్బ నవ్వింది.

రెండోవారం ఒకావిడ వచ్చింది, చంకలో ఆసుపత్రి ఫైలుతో. జనం పలచబడేదాకా ఆగి, మైకు దగ్గరికి వంగింది.

"మా అమ్మాయికి గొంతులో గడ్డ. ఆపరేషన్ చేయిస్తే మాట పోవచ్చంట. చేయించకపోతే ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమంటున్నారు. పొద్దస్తమానం పాడుకునే పిల్ల. ఏం చెయ్యను?"

"భయపడకు. తర్వాతి గ్రహం దగ్గర్లోనే ఉంది."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. "బటన్ నొక్కు" అంది బొమ్మ. మూడోనాడు, "మౌనమే మహాశక్తి" అంది.

తుక్కురాణి ఉన్నపళాన బయటికొచ్చింది. "అమ్మా, ఇది ఉత్త మిషను. నేనే చేశాను. దీనికేమీ తెలీదు."

"ఆ సంగతి నాకూ తెలుసు తల్లీ. డాక్టర్లు నన్నే తేల్చుకోమన్నారు. మా ఆయన నీ ఇష్టమన్నాడు. ఎవరో ఒకరు అవుననో కాదనో అంటారని వస్తున్నా. పోనీ, నువ్వు చెప్పు."

తుక్కురాణి ధైర్యం చెప్పబోయింది. నాలుక చివరికొచ్చినవన్నీ బొమ్మ చెప్పేలాంటి మాటలే. మింగేసింది.

"నాకు తెలీదమ్మా."

"అవునులే," అని ఆవిడ ఫైలు సర్దుకుని వెళ్ళింది.

మైకు తీసేద్దామని తుక్కురాణి హాలు మేనేజరును అడిగింది. "జనం అడగడానికే వస్తున్నారు మేడమ్. ఇంకా మూడు వారాలకు మీరు సంతకం పెట్టారు," అన్నాడతను, మర్యాదగానే. ఫోనులో సంగతంతా విన్న అక్క, "కనీసం ఆవిడ నంబరైనా తీసుకోలేదటే?" అంది. తీసుకోలేదు. మౌనం గురించిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మిషన్లోంచి తుడిచేసింది. అంతకు మించి ఆమె చేతిలో ఏమీ లేదు.

ఆవిడ మళ్ళీ రాలేదు. ఏం తేల్చుకుందో తెలియదు. జనం మాత్రం పెరిగారు. నవ్వేవాళ్ళు తగ్గి, గొంతు తగ్గించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. హెడ్‌ఫోన్స్ తీసేసి ఇంటికి పోదామని ఆమె రోజూ అనుకుంటుంది. తను కూడా లేస్తే వాళ్ళ మాట వినేవాళ్ళే ఉండరని, కూర్చునే ఉంటుంది.