రెక్కలు లేని నీడ

చంద్రగిరిలో పెళ్లయిన కుర్రవాళ్లలో సగంమంది నన్నే సాహెబ్ అనే ముసలాయన గుర్రమెక్కినవాళ్లే. ఒకప్పుడు ఆయన తిరుచానూరుకు జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాల పొట్ట కొట్టాక, బండిని కట్టెలకింద అమ్మేసి, గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు ఉంచుకున్నాడు. తెల్ల గుర్రం, పేరు చాందినీ. తప్పెట మోగితే చాలు, ముందుకాళ్లెత్తి ఆడేది. దరువు తప్పినవాణ్ణి అది కోపంగా చూసేదని సాహెబ్ చెప్పేవాడు. ఆ మాట నమ్మని పెళ్లికొడుకును కింద పడేసిందని కూడా చెప్పేవాడు.

పోయినేడు ఒక సినిమావాళ్లు దిగారు. రాజులు, మాయలు, రాక్షసులు ఉన్న కథ. నిజం కోట కళ్లెదుట ఉండగా, మామిడితోటలో అట్టలతో, ప్లాస్టరుతో ఇంకో కోట కట్టుకున్నారు. చాందినీని బాడుగకు అడిగారు.

సినిమా హీరో మీసాలు సరిగ్గా రాని కుర్రాడు. డూప్ వద్దన్నాడు, తాళ్లు వద్దన్నాడు. ఆ కోట గోడమీద గుర్రాన్ని దౌడు తీయిస్తానన్నాడు.

"సారూ, ఇది పెండ్లిగుర్రం. దౌడు దీనికి అలవాటు లేదు," అన్నాడు సాహెబ్.

"నువ్వు భయపడి దాన్నీ భయపెడుతున్నావు తాతా. పక్కకెళ్లు."

ఆయన్ను కెమెరా వెనక నిలబెట్టారు. గుర్రం కదిలింది. హీరోకు ఊపు రావాలని ఎవరో తప్పెటలు కొట్టించారు. తప్పెట వింటే అది ఆడుతుందని సాహెబ్‌కు తెలుసు. "చాందినీ! ఇధర్ ఆ బేటీ! ఇట్లా రా బిడ్డా!" అని గొంతు చించుకున్నాడు. గోడ చివర అది ముందుకాళ్లెత్తింది. హీరో పరుపుల మీద పడ్డాడు. చాందినీ పరుపులు లేని వైపు పడింది. మళ్లీ లేవలేదు.

తరవాత సాహెబ్ నాన్చిన శనగలు పట్టుకుని ఖాళీ కొట్టంలోకి వెళ్లి, ఎందుకొచ్చాడో మరిచిపోయి నిలబడేవాడు. వీధిలో తప్పెట వినిపిస్తే తలుపులు వేసుకునేవాడు. వేసుకున్నా, గిట్టల చప్పుడు ఇంట్లోనే ఆడేది.

"నా పిలుపు దానికి ఇనపడిందంటావా? నేను ఇడిసిపెట్టేసినానని అనుకోని పాయెనా?" అని భార్యను పదేపదే అడిగేవాడు.

"అంత మోతలో మనిషికే ఇనపడదు. గుర్రానికి యాడ ఇనపడతాది?" అనేది సుభాన్‌బీ.

సినిమా తిరుపతిలో ఆడుతోందని తెలిసి, చాందినీని కడసారి చూసుకోవడానికి ఇద్దరూ వెళ్లారు. హాలు సగం ఖాళీ. తెరమీద చాందినీ లేదు. దాని స్థానంలో కంప్యూటర్లో చేసిన రెక్కల గుర్రం, బలిసిన బాతులాగా ఎగురుతోంది.

"ఏమప్పా, ఇది గుర్రమా, కోడిపెట్టా?" అని ముందువరసలో ఎవడో అరిచాడు.

"మన బిడ్డను తీసేసినారే," అన్నాడు సాహెబ్.

"లే, పోదాం," అంది సుభాన్‌బీ.

అంతలో గోడమీది దౌడు వచ్చింది.

"రేయ్, నీడ సూడండ్రా! దానికి రెక్కలు యాడ పోయినాయి?" అని ముందువరసవాడే మళ్లీ అరిచాడు.

హాలంతా గొల్లున నవ్వింది. గుర్రాన్ని మార్చినవాళ్లు వెనక ఇంకో గోడమీద పడ్డ నీడను మార్చడం మరిచిపోయారు. తల కాస్త ఎడమకు వంచి పరుగెత్తే ఆ తీరు చాందినీదే. సాహెబ్ లేచి నిలబడ్డాడు.

గోడ చివర రెక్కల గుర్రం ఎగిరింది. నీడ ఎగరలేదు. ముందు దాని చెవులు వెనక్కి తిరిగాయి. తరవాత మెడ తిరిగింది, కెమెరా వెనక ముసలాయన నిలబడి అరిచిన వైపుకు. ఒళ్లు కూడా తిప్పబోయి, చోటు చాలక, కాళ్లు పైకి లేపింది.

సుభాన్‌బీ ఆయన చెయ్యి పట్టుకుంది. "సూస్తివా? ఇనింది. నీ పిలుపు ఇనింది!"

"ఇనింది," అన్నాడు సాహెబ్. "ఇనబట్టే తిరిగింది. తిరగబట్టే పడింది."

తెరమీద హీరో మబ్బుల్లో నవ్వుతున్నాడు.

ఇప్పుడు నన్నే సాహెబ్ ఆ ప్రశ్న ఎవరినీ అడగడు. ఎవరినీ వెనకనుంచి పిలవడు కూడా. వంటింట్లో ఉన్న సుభాన్‌బీతో పని పడినా సరే, లేచి వెళ్లి, చుట్టూ తిరిగి ఆమెకు ఎదురుగా నిలబడి, అప్పుడు నోరు తెరుస్తాడు.