చీటీ రాని వీధి

నా భార్య పోయిన నెల ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె పనిచేసిన సంస్థవాళ్ళు సంతాప సభ పెట్టి, క్యాసంబళ్ళి దగ్గరి ఊళ్ళో ఆమె చేసిన ప్రయోగం చాలా శుభ్రమైనదని, లెక్క ఎక్కడా చెడలేదని పొగిడారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

ఆమెది రాజనీతి శాస్త్రం. గ్రామసభలో ఏమేం అడగవచ్చో ఇంటింటికీ వెళ్ళి చెబితే జనం వచ్చి అడుగుతారా అన్నది ఆమె ప్రశ్న. సగం వీధులకు చెప్పాలి, సగం వీధులకు చెప్పకూడదు, తేడా చూడాలి. ఏ వీధికి చెప్పాలో చీటీలు తీసి తేల్చేది. "మనకు నచ్చిన వీధికే పోతే మనకు నచ్చిందే కనపడుతుంది" అనేది. ఇంట్లోనూ అంతే. వంకాయా, బీరకాయా అని నేను నసిగితే స్టీలు గ్లాసులో చీటీలు వేసి ముందు పెట్టేది. వంకాయ వచ్చేది. మళ్ళీ తీస్తానంటే ఒప్పుకునేది కాదు.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చీటీ రాని వీధి మొదట్లో ఒక అవ్వ అడ్డం నిలబడింది.

"ఏమ్మా, ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగినావే, మా ఇండ్లు నీ కంటికి ఆనలేదా?"

"చీటీలో రాలేదవ్వా."

"చీటీ ఏందమ్మా? మేమేమన్నా లాటరీ టికెట్లా?"

"ఇది అయిపోనీ అవ్వా, మీ వీధికీ వస్తాను. ఒట్టు."

"రా, రా. కుర్చీ తుడిచి ఏస్తా."

చెప్పిన వీధులవాళ్ళు సభకు వెళ్ళి, గట్టిగా అడిగి, కొళాయిలు తెచ్చుకున్నారు. అవ్వ వీధివాళ్ళు ఆ కొళాయిల దగ్గర బిందెలతో వాళ్ళ దయ కోసం నిలబడ్డారు. నా భార్య వెంటనే ఆ వీధికి వెళ్తానంది. వానలు పోయాక వీధుల మధ్య తేడా మరోసారి కొలవాలి, అందాకా ఆ వీధిని ముట్టుకోవద్దన్నారు సంస్థవాళ్ళు. వానలు పోయాయి. ఇంకొన్నాళ్ళన్నారు. ఈలోగా ఆమె మంచం పట్టింది.

"ఆ వీధికి ఎవరన్నా పోయినారా?" ఆసుపత్రిలో ఆమె అడిగిన చివరి మాట ఇది. లేదన్నాను. గోడవైపు తిరిగింది.

కర్మలు ముగిశాక నేనే వెళ్ళాను. సంస్థను అడగలేదు. నన్ను చూడగానే అవ్వ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వాకిట్లో వేసింది. తర్వాత నా వెనక్కి చూసింది.

"ఆయమ్మ యాడప్పా?"

చెప్పాను. గ్రామసభ గురించి నా భార్య వాళ్ళకు చెప్పాల్సినవి కూడా, నాకు తెలిసినంతవరకు చెప్పాను. ఆడవాళ్ళు బిందెలు దించి విన్నారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ కూర్చోలేదు. తిరిగి వస్తూ వీధి చివర నుంచి చూస్తే, కుర్చీ అక్కడే ఉంది.