దర్జీ పెద్దమ్మ చేతికి నేర్పిన పని

కుడిచెయ్యి మోచేతి కింద పోయాక, దర్జీ పెద్దమ్మను ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా చీవాట్లు తిని వెళ్లారు. "పోయింది చెయ్యి. నోరు బాగానే ఉంది" అనేది ఆవిడ. కావలసింది ఒక్కటే: మళ్లీ మిషన్ ముందు కూర్చుని, సూది కిందికి గుడ్డ అందించాలి. కాలర్ కుట్టడంలో ఆవిడ చెయ్యే వేరు.

ఆసుపత్రిలో మరచెయ్యి తొడిగారు. మిగిలిన కండరం బిగిసే తీరును పోల్చుకుని అది వేళ్లు కదుపుతుంది. ముందు దానికి నేర్పాలి. పిడికిలి, చాచిన అరచెయ్యి, రెండువేళ్ల పట్టు, మణికట్టు తిప్పడం. లేని చేత్తో ఒక్కొక్కటీ చేస్తున్నట్టు పెద్దమ్మ బిగిస్తే, అక్కడి శిక్షకురాలు ఆ బిగింపుల నమూనాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేది. కాసేపటికే కండరం అలిసిపోయేది. ఆపైన తీసిన నమూనాలు దండగ.

"అన్ని కదలికలకూ సమానంగా నమూనాలిద్దాం పెద్దమ్మా."

"చాచడం దానికి ఎప్పుడో వచ్చేసింది. వచ్చినదాన్నే వల్లె వేయించే ఓపిక నాకు లేదు. రెండువేళ్ల పట్టే తీసుకో."

"మిగతావి చెడతాయి."

"చెడనీ. నేనేమన్నా ఓట్లడగాలా, చేతులూపడానికి?"

వారమంతా ఆ ఒక్కటే ఇచ్చింది. దాంతో మరచెయ్యి పిడికిలి పట్టమన్నా గిల్లింది, చాచమన్నా గిల్లింది. నీళ్ల గ్లాసు అంచు గిల్లి ఒళ్లంతా తడిపింది. శిక్షకురాలికి నవ్వాగలేదు.

"చెప్పానా? ఎక్కువసార్లు చూసిందే దానికి అన్నిచోట్లా కనిపిస్తుంది."

"నవ్వింది చాల్లే. అసలు మొదట్లో ఈ చెయ్యి ఏది చూసి ఏదనుకునేదో చూపించు."

కంప్యూటర్‌లో చూస్తే తగువంతా పిడికిలికీ రెండువేళ్ల పట్టుకీ మధ్యే; ఒకటి చేస్తే రెండోది అనుకునేది.

"అయితే ఎక్కువైన రెండువేళ్ల నమూనాలు తీసిపారెయ్యి. ఇకనుంచి ఈ రెండే, మార్చి మార్చి. మిగతావి ఉన్న కాస్తతోనే బతుకుతాయి."

"మళ్లీ మొండితనమేనా? మణికట్టు సరిగా తిరగదు, తర్వాత నన్ననకు."

"అది తిరగకపోతే నేనే తిరుగుతా."

శిక్షకురాలు ఎక్కువైనవి తీసేసింది. ఆ రెండూ తేటపడేదాకా పెద్దమ్మ పళ్లు బిగించి కూర్చుంది.

మణికట్టు మాత్రం చివరిదాకా మొరాయించింది. మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాక, కాలర్ మలుపు దగ్గర గుడ్డను రెండువేళ్లతో పట్టుకుని, పెద్దమ్మ కుర్చీతో సహా పక్కకు జరిగేది. చూడలేక ఎవరైనా చెయ్యి వెయ్యబోతే, తల ఎత్తకుండానే కసిరేది.

"జరుగు, వెలుతురుకడ్డం. ఇంకా రెండోవైపు కుట్టాలి."