కారుకేమీ కాలేదు

శనివారం పొద్దున అంకుల్ ఫోన్ చేశారు. "అమ్మా, మీ ఆంటీ ఇవాళ లేవలేదు" అన్నారు. ఒంట్లో బాగాలేక పడుకున్నారనుకుని, "టిఫిన్ తీసుకురానా అంకుల్?" అని అడిగాను. ఆ ప్రశ్న తలచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతోంది.  "నిద్రలోనే ఫిట్స్ వచ్చి పోయిందమ్మా. నాకు తెలియనే లేదు" అన్నారు.

షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి కింది అంతస్తు వాళ్ళది. మీలో చాలామందికి ఆవిడ మన తెలుగువాళ్ళ ఉగాది సభలో స్టేజీ ఎక్కి మాట్లాడిన మనిషిగా గుర్తుండి ఉంటారు. నాకు పరిచయమైంది మాత్రం లాండ్రీ గదిలో.

ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్త. డ్రయర్‌లోంచి బట్టలు తీస్తున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నేల మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. తల కింద నా తువ్వాళ్ళే మడతపెట్టి ఉన్నాయి. పక్కన ఒకావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుని వాచీ చూసుకుంటున్నారు.

"రెండు నిమిషాలే. నాకూ ఉంది ఇది. ఎవరైనా చూశారేమోనని వెతుక్కోకు, ఎవరూ లేరు."

నేను నిజంగానే తలుపు వైపు చూస్తున్నాను.

"కారు నడుపుతున్నావా?"

"లేదండీ."

"మరి ఆ బుట్టలో కారు తాళం ఎవరిది తల్లీ?"

సోమవారం నుంచి ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఆవిడ పనిచేసే లైబ్రరీ నా ఆఫీసుకి రెండు స్టాపుల ముందు. బస్సు గంటకొకటి. స్టాపంటే ఒక ఇనప స్తంభం, దాని మీద నంబరు, అంతే. మంచులో నిలబడితే తెలిసినవాళ్ళెవరో ఒకరు కారు ఆపి, "ఏంటిక్కడ నిలబడ్డారు?" అనేవారు. "నాకు ఫిట్స్ వస్తాయండీ, డ్రైవ్ చేయకూడదు. రైడ్ ఇస్తారా?" అని, తలనొప్పి గురించి చెప్పినంత మామూలుగా చెప్పి ఆంటీ ఎక్కేసేవారు. నన్నడిగితే, "కారు రిపేర్‌లో ఉందండీ" అనేదాన్ని. మూడు చలికాలాలు అది రిపేర్‌లోనే ఉంది. ఒకసారి ట్రాన్స్‌మిషన్ పోయిందన్నాను, ఇంకోసారి పార్టులు రాలేదన్నాను. "అమ్మేయమ్మా ఆ కారు, దానికేదో పెద్ద జబ్బే ఉన్నట్టుంది" అని మా ఎదురు బిల్డింగ్ అంకుల్ సలహా ఇచ్చారు. సాయంత్రం బస్సులో అది తలచుకుని ఆంటీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "పాపం, ఆ కారేం చేసిందే నిన్ను?"

ఒక ఉగాదికి స్కూల్ ఆడిటోరియంలో, పులిహోర వరసలో, ఆవిడ పడిపోయారు. "చేతిలో ఇనుము పెట్టండి!" అని పెద్దవాళ్ళంతా ఒక్కసారే అరిచారు. మన దగ్గరైతే ఇంటి తాళాలు పెట్టేవాళ్ళు. ఇక్కడ అందరి జేబుల్లో ఉన్నవి కారు తాళాలే. ఎవరో తమ గుత్తి ఆవిడ గుప్పిట్లో కుక్కారు. బిగుసుకున్న వేళ్ళ కింద ఏ బటన్ నొక్కుకుందో, బయట పార్కింగ్‌లో ఒక వ్యాన్ హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఆపుదామంటే తాళం ఆవిడ పిడికిట్లో ఉంది. కిందింటి అంకుల్ పరిగెత్తుకొచ్చి ఆవిడని పక్కకు తిప్పేదాకా అది మోగుతూనే ఉంది.

అలా తిప్పాలని నాకు తెలుసు. ఆవిడే నేర్పారు. అయినా ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడిపోయాను. తిప్పితే, ఎలా తెలుసని అడుగుతారని. ఈ మాట ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మరుసటి ఏడాది ఆవిడ నిర్వాహకులని అడిగి, రెండు డాన్సుల మధ్య పది నిమిషాలు తీసుకున్నారు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు, నా పక్కన నిలబడు చాలు" అన్నారు నాతో.

"ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు ఆంటీ. అక్కడ వీడియో తీస్తారు."

"సరేలే. ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లైనా కొట్టు."

మూడో వరసలో కూర్చున్నాను. ఆవిడ పట్టుచీరతో స్టేజీ మీద పడుకుని, పిల్లల చేత తనని పక్కకు తిప్పించుకున్నారు. "నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో ఏమీ పెట్టకండి. వాచీ చూడండి. ఐదు నిమిషాలు దాటితే 911కి ఫోన్ చేయండి."

"ఆంటీ, కీస్ ఎందుకు ఇవ్వద్దు?" అన్నాడొక చిన్నాడు.

"ఇస్తే డ్రైవ్ చేసుకుని వెళ్ళిపోతాను కదరా!"

హాలంతా నవ్వింది. ఆ తరవాత కాఫీల దగ్గర ఒక్కొక్కరే వచ్చారు ఆవిడ దగ్గరికి. "మా బాబుకి కూడానండీ..." అంటూ, గొంతు తగ్గించి. ఒక తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఇంటికొస్తూ ఆంటీ అన్నారు: "చెప్పుకుంటే జబ్బు తగ్గదే. దాచే చాకిరీ తగ్గుతుంది."

నేను ఆ చాకిరీ మానలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

మంగళవారం అన్నీ అయిపోయాయి. బుధవారం పొద్దున మంచు పడుతుంటే ఒక్కదాన్నే స్టాపులో నిలబడ్డాను. ఎదురు బిల్డింగ్ అంకుల్ కారు వచ్చి ఆగింది. ఆయన అద్దం దించి, "కారు ఇంకా బాగవలేదామ్మా?" అన్నారు.

"కారుకేమీ కాలేదండీ. నాకు ఫిట్స్ వస్తాయి. ఆంటీకిలాగే."

 ఆవిడలా మామూలుగా రాలేదు ఆ మాట.

ఆయన వంగి, ముందు సీట్లో ఉన్న లంచ్ బ్యాగు తీసి వెనక పెట్టి, తలుపు తెరిచారు. సీటు మీద మంచు పడుతోంది. నేను ఎక్కలేదు. అలవాటు కొద్దీ, ముందు ఆంటీ ఎక్కడానికి పక్కకు జరిగాను.